గది కంటే ముందు ఆటు: చార్మత్, లైమ్ రీజిస్, విట్‌బీ తీరాల్లో అమ్మోనైట్ల వేట

ఇంగ్లండ్‌కి జురాసిక్ అమ్మోనైట్ల కోసం, అంటే చుట్టలు తిరిగిన పెంకున్న ప్రాచీన సముద్రజీవుల శిలాజాల కోసం, వెళ్లేవాళ్లలో చాలామంది ముందు ఊరు ఎంచుకుంటారు, తర్వాత గది, ఆ తర్వాత రైలు. ఆటుపోట్ల (నీరు తగ్గే, పెరిగే వేళల) పట్టిక చేతికొచ్చేది అన్నిటికంటే చివర్న. ఈ వరస తిరగబడాలి. ఇక్కడ శిలాజాలు దొరికే నేల రోజులో కొన్ని గంటలే బయటపడుతుంది. ఆ గంటలు పగటిపూట పడకపోతే ఎంత మంచి గదీ అక్కరకు రాదు.

సముద్రం బాగా వెనక్కి తగ్గేది పౌర్ణమి, అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకు. డోర్సెట్ తీరంలోని లైమ్ రీజిస్, చార్మత్ దగ్గర ఆ రోజుల్లో నీరు అట్టడుగుకు చేరేది దాదాపు మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య. వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి ఒంటిగంట, రెండు మధ్య అనుకోవాలి. అష్టమి చుట్టుపక్కల రోజులు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆటు నీరసంగా ఉంటుంది, పైగా అది ఉదయం ఆరేడుకో సాయంత్రం ఆరేడుకో పడుతుంది. డిసెంబరులో ఆ రెండు వేళలూ చీకటే. యార్క్‌షైర్ తీరంలోని విట్‌బీలో పెద్ద ఆటు కొంచెం ముందే, ఉదయం పదిన్నర ప్రాంతంలో వస్తుంది. అంటే వారం ఎంచుకోవడానికి పంచాంగం చాలు, గంట ఎంచుకోవడానికి మాత్రం ఆ ఊరి టైడ్ టేబుల్ కావాలి. కొన్ని పట్టికలు ఏడాది పొడవునా గ్రీనిచ్ కాలమానంలోనే అచ్చవుతాయి. మార్చి చివరి నుంచి అక్టోబరు చివరి దాకా వాటికి గంట కలపాలి. అది మరిచిపోతే గంట ముందే తీరానికి చేరతారు, అదేమీ నష్టం కాదు. ప్రమాదమల్లా, ఇప్పటికే గంట కలిపి ఉన్న పట్టికకి మళ్లీ కలపడంలో ఉంది. వెనక్కి తిరగాల్సిన వేళకి ఇంకా ముందుకే నడుస్తుంటారు.

నీరు దిగుతుండగా, అట్టడుగు వేళకి రెండు గంటల ముందు బయల్దేరాలి. నీరు తిరిగే సమయానికి మీరూ తిరగాలి. వెళ్లేటప్పుడు సముద్రం మీ కంటే ముందు వెనక్కి జరుగుతూ కొత్త నేల చూపిస్తుంది. వచ్చేటప్పుడు పోటు మీ వెనకే ఉంటుంది, ముందు కాదు.

మొదటిసారి వెళ్లేవాళ్లకి చార్మత్‌ని మించింది లేదు. బీచ్ అంచునే పాత సిమెంటు ఫ్యాక్టరీ భవనంలో చార్మత్ హెరిటేజ్ కోస్ట్ సెంటర్ ఉంది. ప్రవేశం ఉచితం, విరాళం మీ ఇష్టం. దొరికిన రాయి చూపిస్తే అది ఏమిటో అక్కడి వార్డెన్లు చెబుతారు. వాళ్లు నడిపే ఫాసిల్ వాక్‌లకి టికెట్ ఉంటుంది, సెలవుల్లో ముందే నిండిపోతాయి. సుత్తి పట్టడం అలవాటున్నవాళ్లు కూడా ఒక వాక్‌కి డబ్బు పెట్టొచ్చు. అక్కడ నేర్చుకునేది రాళ్లు పగలగొట్టడం కాదు, చూపు నిలపడం. తీరమంతా బూడిద రంగే. అందులో ఏ బూడిద రంగు దగ్గర ఆగాలో పక్కన తెలిసినవాళ్లు ఉంటే పది నిమిషాల్లో పట్టుబడుతుంది. ప్రైవేటు గైడ్‌ని మాట్లాడుకునేటట్టయితే గుంపులో ఎంతమంది ఉంటారు, సుత్తి, కళ్లద్దాలు వాళ్లే ఇస్తారా, వాతావరణం చెడితే డబ్బు వెనక్కిస్తారా అని ముందే అడగాలి. పాతికమందికి పైగా ఉన్న గుంపులో వెనకున్నవాళ్లకి గైడ్ వీపు తప్ప ఏమీ కనబడదు.

చార్మత్‌కి పడమర గట్టు బ్లాక్ వెన్, తూర్పు గట్టు స్టోన్‌బారో. రెండూ మెత్తని బురదరాయి, నిత్యం జారుతూనే ఉంటాయి. ఆ జారుడే శిలాజాలను తీరానికి తెచ్చి పోస్తుంది, కాబట్టి గట్టును తవ్వాల్సిన పని లేదు. తవ్వకూడదు కూడా. పశ్చిమ డోర్సెట్ సేకరణ నియమావళి ప్రకారం తీరం మీద విడిగా పడినవి ఏరుకోవచ్చు, గట్టులో ఉన్నవి అనుమతి లేకుండా తీయకూడదు, శాస్త్రపరంగా ముఖ్యమైనది దొరికితే ఈ సెంటర్లోనే నమోదు చేయించాలి. నమోదు చేసినంత మాత్రాన అది మీ చేతిలోంచి పోదు. ఆ భయంతో దాచేవాళ్లే ఎక్కువ, అందుకే ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడ ఎక్కువగా దొరికేవి పైరైట్‌గా (ఇనుము, గంధకం కలిసిన ఖనిజంగా) మారిన అమ్మోనైట్లు. అర్ధరూపాయి బిళ్ల నుంచి పాత రూపాయి బిళ్ల దాకా, పాలిపోయిన బంగారు రంగులో ఉంటాయి. పెద్ద రాళ్ల మధ్య వెతకడం దండగ. పైరైట్ బరువైన ఖనిజం. కెరటం వెనక్కి లాగినప్పుడు తేలిక ఇసుక కొట్టుకుపోయి బరువైనవన్నీ ఒకచోట చేరతాయి. నీటి అంచు దగ్గర సన్న గులకరాళ్లలో ముదురు రంగు పట్టీలు కనిపిస్తాయి, బెలెమ్నైట్ (స్క్విడ్ లాంటి ప్రాచీన జీవి శిలాజం) ముక్కలు కూడా ఆ పట్టీల్లోనే పోగవుతాయి. తూటాల్లాంటి బెలెమ్నైట్లు కనబడ్డ చోట మోకాళ్ల మీద కూర్చుని, అరచేయంత నేలని అయిదు నిమిషాలు చూడాలి. నడుస్తూ వెతికేవాళ్లకి ఏమీ దొరకదు. తుఫాను వెళ్లిన మర్నాడు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, పంట బాగుంటుంది. ఆగస్టులో ఇసుక కప్పేస్తుంది, మిగిలింది పిల్లలు ఏరేస్తారు.

చేతికొచ్చినదాన్ని గుర్తుపట్టడానికి ముందు చూడాల్సింది వెలుపలి అంచు. తాడు చుట్టినట్టు చాలా చుట్లు, నిటారు గీరలు (పెంకు మీది ఉబ్బెత్తు గీతలు) ఉంటే ఎకియోసెరాస్. గీరలు అంచు మీదికొచ్చేసరికి వెడల్పై చదునెక్కితే ప్రోమైక్రోసెరాస్. అంచు మధ్యన వెన్నుపూసలా గట్టు, దానికి రెండు వైపులా చిన్న గాడి ఉంటే ఆస్టెరోసెరాస్ కావొచ్చు. రెండు వరసల బొడిపెలు ఉంటే క్రూసిలోబిసెరాస్ వైపు చూడాలి. స్టోన్‌బారో, దాని అవతల సీటౌన్ వైపు మరో రకం: ఆండ్రోగైనోసెరాస్, గదుల్లో ఆకుపచ్చ కాల్సైట్ నిండి ఉంటుంది. ఆ పొరలకి గ్రీన్ అమ్మోనైట్ అనే పేరు అందుకే వచ్చింది.

ప్రమాదం గురించి రెండు మాటలు, అవి కూడా ఇక్కడివే. బ్లాక్ వెన్ కింద బురద ఎండినట్టు కనిపిస్తుంది, పైన పెంకు కట్టి ఉంటుంది. అడుగు వేస్తే నడుము దాకా దిగబడినవాళ్లున్నారు. లైమ్ వైపు ఈస్ట్ బీచ్ చివర 2008 మే నెలలో పెద్ద కొండచరియ జారినప్పుడు పాత చెత్తకుప్ప ఒకటి బయటపడింది. నేటికీ అక్కడ గాజుపెంకులు, తుప్పుపట్టిన ఇనుము కెరటాల్లో వస్తుంటాయి, చేతికి తొడుగు ఉండాలి. ఆ తుప్పు ఇనుము పైరైట్‌తో కలిసే పోగవుతుంది కాబట్టి శిలాజాలు వెతికేవాళ్ల చేతులే అక్కడ ఎక్కువ తెగుతాయి.

లైమ్ రీజిస్‌ది మరో కథ. ఊరు పెద్దది, ఏటవాలు వీధులు, శిలాజాల దుకాణాలు. శిలాజాల వేటలో పేరుపడ్డ మేరీ ఆనింగ్ 1799లో పుట్టిన ఇంటి స్థలంలోనే ఇప్పుడు లైమ్ రీజిస్ మ్యూజియం ఉంది. ప్రవేశానికి టికెట్ కొనాలి, కొనదగ్గదే. ఊరికి పడమర, కాబ్ అనే పాత రాతి రేవు దాటితే మాన్మత్ బీచ్. అక్కడే అమ్మోనైట్ పేవ్‌మెంట్: సున్నపురాతి పలక మీద బండి చక్రాలంత అమ్మోనైట్లు వందలకొద్దీ పరచుకుని ఉంటాయి. నీరు బాగా తగ్గినప్పుడే కనబడుతుంది. ఇది జాతీయ ప్రకృతి సంరక్షణ ప్రాంతంలోకి వస్తుంది, సుత్తి సంచిలోంచి తీయకూడదు. ఏమీ తెచ్చుకోలేని చోటుకి ఎందుకు వెళ్లాలి అంటారా? అమ్మోనైట్ ఎలా కట్టుకున్న ఇల్లో అర్థం కావడానికి ఇంతకంటే పెద్ద నల్లబల్ల మరొకటి లేదు.

అరిగిన చోట లోపలి అడ్డుగోడలు కనబడతాయి. మొసలీ కాదు, చేపా కాదు, ఇది స్క్విడ్‌కి బంధువైన జీవి. పెరుగుతున్నకొద్దీ ముందుకు జరిగి వెనక గోడ కట్టుకుంటూ పోయింది. ఆ గదుల్లో వాయువు ఉండేది, ఓ సన్నని గొట్టం వెలుపలి అంచు వెంబడి అన్ని గదుల్నీ కలుపుతూ పోయేది, నీటిలో తేలడం దాంతోనే. జీవి ఉన్నది మాత్రం చివరి గదిలో. అందుకే పైపెంకు ఊడిన అమ్మోనైట్‌పై ఆకుల అంచుల్లాంటి గీతలు ఒక చోట ఆగిపోతాయి. ఆ గీతలు అడ్డుగోడ పెంకుని తాకిన రేఖలు, ఆగిన చోటి నుంచి మొదలయ్యేది జీవి నివసించిన గది. గీత ఆగకుండా చివరిదాకా వస్తే మీ చేతిలో ఉన్నది విరిగిన అమ్మోనైట్, నివాసగది పోయింది. దుకాణంలో ధర మాట్లాడేటప్పుడు ఈ ఒక్క విషయం చాలాసార్లు పనికొస్తుంది. మనవాళ్లు పూజలో పెట్టుకునే సాలగ్రామాల్లో చక్రాలున్నవి కూడా ఇవే. నేపాల్‌లో కాళీ గండకీ వెంట దొరికే ఆ నల్లరాళ్లు జురాసిక్ చివరి కాలపు అమ్మోనైట్లు. ఆ చక్రాన్ని, మాన్మత్ బీచ్ పలకని పక్కపక్కన ఊహించుకుంటే పెంకు చుట్టు, లోపలి అడ్డుగోడ రెండూ సులువుగా అర్థమవుతాయి.

ఈ గీరలు, అంచులు లెక్కపెట్టడం వట్టి సరదా కాదు. అమ్మోనైట్ జాతులు త్వరత్వరగా మారిపోయాయి, సముద్రంలో దూరదూరాలకి వ్యాపించాయి. 1856లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఓపెల్ జురాసిక్ పొరల్ని వీటి ఆధారంగా విభజించడం మొదలుపెట్టాడు. ఈనాటికీ అదే పద్ధతి. దాదాపు 20.1 కోట్ల ఏళ్ల నుంచి 14.5 కోట్ల ఏళ్ల దాకా సాగిన కాలాన్ని సగటున పది లక్షల ఏళ్ల లోపు ముక్కలుగా కోయగలిగింది వీటితోనే. అయితే తీరం మీద ఏరిన రాయికి పొర తెలియదు, జాతి పేరుని బట్టే పొరని ఊహించాలి. జాతి పేరు తప్పైతే పొర కూడా తప్పే. గట్టు నుంచి పడ్డ పెద్ద దిమ్మలో దొరికితే ఆ దిమ్మ ఫోటో కూడా తీసుకోండి, రాతి రంగు పొర చెబుతుంది.

లైమ్ దుకాణాల్లో రెండుగా కోసి మెరిసేలా సానపట్టిన అమ్మోనైట్ జంట ముక్కలు చాలావరకు మడగాస్కర్ సరుకు. వాటిలో ఎక్కువగా అమ్ముడయ్యే క్లియోనిసెరాస్ జురాసిక్‌దే కాదు, దాని తర్వాతి క్రెటేషియస్ కాలానిది. చెడ్డ వస్తువు కాదు, కానీ లైమ్ జ్ఞాపకం కాదు. చీటీ మీద ఊరు, పొర పేరు రాసి ఉందా అని అడగండి. స్థానిక శిలాజానికి ఆ రెండూ ఉంటాయి.

బస విషయానికొస్తే, కారు లేనివాళ్లకి లైమ్, శిలాజాలే ముఖ్యమనుకునేవాళ్లకి చార్మత్. లండన్ వాటర్లూ నుంచి ఆక్స్‌మిన్‌స్టర్‌కి రైలు మూడు గంటల లోపే, అక్కడి నుంచి లైమ్‌కీ చార్మత్‌కీ బస్సు. బస్సు టికెట్‌కి ఇంగ్లండ్‌లో 2025 జనవరి నుంచి ఒక ప్రయాణానికి గరిష్ఠంగా 3 పౌండ్ల పరిమితి పెట్టారు, బయల్దేరే ముందు అది కొనసాగుతోందో లేదో చూసుకోండి. ఆక్స్‌మిన్‌స్టర్‌లో గది తక్కువకి వస్తే లాభమే అనిపిస్తుంది. చలికాలం సాయంత్రం బస్సులు పలచబడతాయి, తడి బూట్లతో బస్టాపులో నిలబడ్డప్పుడు ఆ మిగిలిన డబ్బు గుర్తుకు రాదు. చార్మత్‌లో ఊరు నుంచి బీచ్‌కి పావుగంట లోపు నడక. క్యారవాన్ పార్కులు, చిన్న గెస్ట్ హౌసులు ఉన్నాయి. వేసవిలో చాలాచోట్ల వారం రోజులకి తక్కువ ఇవ్వరు, చలికాలంలో మూడు రాత్రులకి ఇస్తారు. శిలాజాల కాలమూ అదే కాబట్టి ఇది కలిసొచ్చే విషయం. లైమ్ ఫాసిల్ ఫెస్టివల్ రోజుల్లో గది దొరకడం కష్టం, తీరం మీద రాళ్ల కంటే మనుషులెక్కువ. బుక్ చేసే ముందు అడగాల్సింది అల్పాహారం గురించి కాదు. బయట బూట్లు కడుక్కోవడానికి కుళాయి ఉందా, తడి బట్టలు ఆరేసుకునే చోటుందా, గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా సంచులు ఉంచనిస్తారా. మూడో ప్రశ్న చివరి రోజు మధ్యాహ్నపు ఆటుని కాపాడుతుంది.

లైమ్ నుంచి చార్మత్‌కి తీరం వెంట మూడు కిలోమీటర్లు, నీరు దిగుతున్నప్పుడే నడవాలి. పైన ఉన్న కాలిబాట కొండచరియల వల్ల లోపలికి మళ్లింది, దగ్గరి దారి అనుకోవద్దు. వెళ్లేది తీరం మీద, వచ్చేది బస్సులో అనుకుంటే హాయి.

డోర్సెట్‌లోనే మిగతావి త్వరగా. బర్టన్ బ్రాడ్‌స్టాక్ దగ్గర గట్టు పైనుంచి పడిన ఇన్ఫీరియర్ ఊలైట్ అనే సున్నపురాతి దిమ్మల్లో పార్కిన్సోనియా లాంటి అమ్మోనైట్లు దొరుకుతాయి, కానీ ఆ గట్టు నిట్టనిలువు, 2012లో అక్కడ చరియ విరిగిపడి ఒకరు చనిపోయారు. గట్టు పాదానికి దూరంగా సముద్రం వైపు పడినవే చూడాలి. కిమెరిడ్జ్‌లో ఏరడం కాదు, 2016లో తెరిచిన ఎచెస్ కలెక్షన్ మ్యూజియం చూడటం. పోర్ట్‌లాండ్ ద్వీపంలో టైటానైట్స్ అనే మహాకాయ అమ్మోనైట్లని మ్యూజియంలోనూ, ఇళ్ల ప్రహరీగోడల్లోనూ చూడొచ్చు, ఎత్తుకురాలేరు.

యార్క్‌షైర్ వేరే రకం పని. అక్కడ అమ్మోనైట్ ఏరుకునేది కాదు, రాయి పగలగొట్టి బయటికి తీసుకునేది. విట్‌బీ చుట్టుపక్కల సాల్ట్‌విక్, రన్స్‌విక్, పోర్ట్ మల్‌గ్రేవ్ తీరాల్లో బూడిద రంగు షేల్ (పలకలుగా చీలే బురదరాయి) నుంచి గుండ్రని రాతిముద్దలు రాలుతాయి. లోపల 18 కోట్ల ఏళ్ల నాటి డాక్టిలియోసెరాస్ లేదా హిల్డోసెరాస్ ఉండొచ్చు. రెండిటికీ తేడా సులువు. డాక్టిలియోసెరాస్ గీరలు అంచు దాటేటప్పుడు రెండుగా చీలుతాయి, అంచున గట్టు ఉండదు. హిల్డోసెరాస్‌కి అంచున గట్టు, పక్కన చుట్టూ పోయే గాడి, కొడవలి వంపు గీరలు. దాని పేరు విట్‌బీ మఠం స్థాపించిన సెయింట్ హిల్డా నుంచి వచ్చింది. ఆమె పాముల్ని రాళ్లుగా మార్చిందని ఐతిహ్యం. పాతకాలపు వ్యాపారులు అమ్మోనైట్‌కి పాము తల చెక్కి అమ్మేవారు, అలాంటివి ఇప్పటికీ పాన్నెట్ పార్కులోని విట్‌బీ మ్యూజియంలో చూడొచ్చు.

రాతిముద్ద ఏది తీసుకోవాలో తెలియడమే ఇక్కడి విద్య. ఉత్త గుండ్రటి ముద్దల్లో ఎక్కువభాగం ఖాళీ. అంచు చుట్టూ సన్నగా గీరలో గట్టో బయటికి తొంగిచూసేదాన్నే పట్టుకోవాలి. దాన్ని తీరంలో ఉన్న పెద్ద బండ మీద స్థిరంగా ఆనించి, దాదాపు కిలో బరువున్న జియాలజీ సుత్తితో ఆ గీత వెంబడి చుట్టూ తిప్పుతూ చిన్నచిన్న దెబ్బలు కొట్టాలి. ఒక్క పెద్ద దెబ్బ వేస్తే రాయి దాని దారిన చీలుతుంది, అమ్మోనైట్ అడ్డంగా రెండవుతుంది. వడ్రంగి సుత్తి వాడకూడదు. దాని ఉక్కు గట్టిరాయి మీద చిట్లి ముక్కలు కంట్లోకి ఎగురుతాయి. కళ్లద్దాలు మీకే కాదు, పక్కన నిలబడి చూసేవాళ్లకీ ఉండాలి. కొట్టేముందు కింద గుడ్డ పరిస్తే చిన్న చుట్టు ఎగిరిపోయినా దొరుకుతుంది. మధ్య చుట్లు పోయిన అమ్మోనైట్ అందం పోయిన అమ్మోనైటే. సందేహం ఉన్నదాన్ని అక్కడ కొట్టొద్దు, ఇంటికి తెచ్చి ఎన్‌గ్రేవర్ (కరెంటుతో నడిచే చెక్కుడు కలం)తోనో ఎయిర్ పెన్ (గాలి ఒత్తిడితో నడిచేది)తోనో రాయి గీకాలి. పనిముట్లు లేనివాళ్లు డబ్బిచ్చి శుభ్రం చేయించుకోవచ్చు. గంటకి ఎంతో, ఎన్ని గంటలు దాటితే మిమ్మల్ని అడుగుతారో ముందే రాయించుకోండి. మంచి పనివాళ్ల దగ్గర నెలల తరబడి వరస ఉంటుంది. వెనిగర్‌లో నానబెడితే రాయి కరుగుతుందని ఎవరైనా చెబితే వినొద్దు. పెంకు కాల్సైట్, ముందు కరిగేది అదే.

విట్‌బీ నుంచి సాల్ట్‌విక్‌కి తీరం వెంట వెళ్లకూడదు, పోటుకి ఆ దారి మూసుకుపోతుంది. 199 మెట్లెక్కి మఠం పక్కనుంచి గట్టు మీది క్లీవ్‌లాండ్ వే కాలిబాటలో వెళ్లి, సాల్ట్‌విక్ బే దగ్గర దిగాలి. రన్స్‌విక్ దిగడానికి సులువు, కార్ పార్క్ ఉంది, పిల్లలతో వెళ్లేవాళ్లకి అదే మేలు. పోర్ట్ మల్‌గ్రేవ్ దారి చరియలతో చెడిపోతూ ఉంటుంది, వారం ముందు వెళ్లొచ్చినవాళ్ల మాట వినకుండా నమ్ముకోవద్దు. ప్రయాణం డోర్సెట్ అంత తేలిక కాదు. మిడిల్స్‌బ్రో నుంచి ఎస్క్ లోయ రైలు గంటన్నర పడుతుంది, రోజుకి కొన్నే. యార్క్ నుంచి బస్సు ఉంది. బసకి విట్‌బీ సౌకర్యం, కానీ గోత్ వీకెండ్ (గోత్ సంగీతం, వేషధారణ అభిమానుల పండగ) రోజుల్లో గదులు నిండిపోతాయి. రాబిన్ హుడ్స్ బే పక్కన బాగిల్ హోల్ యూత్ హాస్టల్ పాత మిల్లులో, బీచ్ పక్కనే ఉంది. పొద్దున్నే ఆటుకి దిగాలనుకునేవాళ్లకి దాని చోటు అమోఘం, రాత్రి సామాను మోసుకుంటూ వెళ్లేవాళ్లకి మాత్రం కాదు.

ఒకే వారంలో రెండు తీరాలూ చూడాలన్న ఆశ వదులుకోవాలి. మధ్యలో రైళ్లు మారుతూ ఒక పూర్తి పగలు పోతుంది, అది మంచి ఆటు ఉన్న పగలే అవుతుంది. చేతిలో మూడు రోజులుంటే చార్మత్. ఇంట్లో బల్ల, పనిముట్లు, ఓపిక ఉంటే యార్క్‌షైర్. మూడు రోజుల కంటే తక్కువైతే ఒక్క వానరోజు మొత్తం మింగేస్తుంది.

తెచ్చుకున్న పైరైట్‌ని వదిలేస్తే అది మిమ్మల్ని వదిలేస్తుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే పైరైట్ ఆక్సీకరణం చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఇనుప సల్ఫేటు పుడతాయి. బూడిద పసుపు పొడి రాలుతుంది, ఉబ్బి పగులుతుంది, కింద పెట్టిన అట్టపెట్టె కూడా కాలినట్టవుతుంది. గదికి చేరిన రోజే మంచినీళ్లలో వేసి, రోజూ నీళ్లు మారుస్తూ కొన్ని రోజులు ఉప్పు వదలగొట్టాలి. మెత్తని బ్రష్‌తో తోమి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరకముందే పూత వేయడమే అందరూ చేసే తప్పు. తేమ లోపలే ఉండిపోయి, మెరుపు కిందే కుళ్లుతుంది. ఆరాక అసిటోన్‌లో 5 నుంచి 10 శాతం కరిగించిన పారలాయిడ్ బి-72 అనే పారదర్శక రెసిన్‌ని పలచగా రెండు పూతలు వేసి, సిలికా జెల్ సంచులతో గాలి చొరని డబ్బాలో పెట్టాలి. మన కోస్తా ఊళ్లలో వానాకాలం ఆ జెల్ ఊరికే తడిసిపోతుంది. రంగు మారే రకం కొంటే ఎప్పుడు వేడిచేసి మళ్లీ వాడాలో అదే చెబుతుంది. డబ్బా మూత లోపల చీటీ: తేదీ, ఊరు, తీరంలో ఏ వైపు, ఏ దిమ్మలో. సుత్తి, ఉలి విమానంలో చెక్-ఇన్ సంచిలోనే వేయాలి. చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీ దగ్గరే వదిలి రావాలి.